రోహిణి ఎండలో ఒంటి ఇంజిన్: ఎక్స్‌-ప్లేన్ 12 బారన్ 58 రివ్యూ

చిన్న జంట ఇంజిన్ల విమానం సరకు నింపుకొని నేల వదిలిన కాసేపటికే ఒక ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి? దీన్ని ఇంట్లో కూర్చొని సాధన చేయాలనుకునేవాళ్లు ఎక్స్‌-ప్లేన్ 12 అనే ఫ్లైట్ సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే బీచ్‌క్రాఫ్ట్ బారన్ 58తో మొదలుపెట్టొచ్చు. విమానాన్ని విడిగా కొనక్కర్లేదు. కొనే ముందు పరీక్షించుకోడానికి ఉచిత డెమో ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్)కు పోయే పిల్లలు మల్టీ ఇంజిన్ రేటింగ్ మొదలయ్యే ముందు దీన్ని ఎలా వాడుకోవాలి, ఎక్కడ నమ్మకూడదు అన్నదే ఈ రివ్యూ. సరదాకు నడిపేవాళ్లకు ఇందులో సగం అనవసరం.

తీర్పు ముందే చెప్పేస్తే: చేయాల్సిన పనుల వరస నేర్పడంలో బాగుంది. లెక్క కళ్లకు కట్టించడంలో చాలా బాగుంది. కాలికి కావలసిన బలం నేర్పడంలో మాత్రం సున్నా. ఇంట్లో నడిపిన గంటలు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లాగ్‌బుక్‌లో ఎక్కవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. సీపీఎల్‌కు కావలసిన 200 గంటలూ బయటే సంపాదించాలి.

సరకు విమానం అనగానే బారన్ పేరు చాలామందికి తట్టదు. ఆరు సీట్ల విమానం కదా అంటారు. సీట్లు పీకేసి వల కట్టి అమెరికాలో ఏళ్ల తరబడి రాత్రిపూట బ్యాంకు చెక్కుల సంచులు మోసింది ఇలాంటి బారన్లే. దీని పెద్దన్నలు పైపర్ చీఫ్‌టెన్, సెస్నా 402. మూడింటిదీ ఒకటే తీరు: పిస్టన్ ఇంజిన్లు, ఒక్కడే పైలట్, పూర్తి బరువు, ఇంజిన్ పోతే ప్రొపెల్లర్‌ను తనంతట తానే ఫెదర్ చేసే (ఈడ్పు తగ్గేలా బ్లేడ్ల అంచును గాలికి ఎదురుగా తిప్పే) ఏర్పాటు లేదు. అంతా చేత్తోనే చేయాలి. అందుకే బారన్ మీద పట్టు చిక్కితే మిగతా రెండింటికీ అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ఇక అంకెలు. బారన్ 58 కొత్త రకానికి కాంటినెంటల్ ఐఓ-550-సీ ఇంజిన్లు రెండు, ఒక్కోటి 300 హార్స్‌పవర్. గరిష్ఠ బరువు 5,500 పౌండ్లు. రెండు ఇంజిన్లతో సముద్రమట్టం దగ్గర నిమిషానికి 1,700 అడుగుల పైచిలుకు ఎక్కుతుంది. ఒక్కదానితో 390 అడుగులు. అంటే శక్తి సగం పోతే ఎక్కే బలం నాలుగింట మూడు వంతులకు పైగా పోతుంది. చీఫ్‌టెన్‌లో ఇంకా ఘోరం: 1,120 కాస్తా 230 అవుతుంది, ఐదింట నాలుగు వంతులు గాలికే. కారణం సులువు. విమానం సమానంగా ఎగరడానికే ఒక ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. ఎక్కడానికి మిగిలేది ఆ పైన ఉన్న కాస్తే. రెండో ఇంజిన్ పోయినప్పుడు పోయేది ఆ మిగులే. దానికి తోడు ఆగిన వైపు ఈడ్పు.

ఆ 390 అయినా 15 డిగ్రీల చల్లటి వాతావరణంలో, సముద్రం ఒడ్డున చెప్పిన లెక్క. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. శంషాబాద్ విమానాశ్రయం ఎత్తు 2,024 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత దాదాపు 11 డిగ్రీలు. బయట 40 ఉందనుకోండి, 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానం ఉన్నట్టు లెక్కకొచ్చే ఎత్తు, 5,500 అడుగుల దగ్గర తేలుతుంది. అంటే విమానానికి సంబంధించినంత వరకు అది శంషాబాద్‌లో లేదు, ఒక కొండ మీద ఉంది. బారన్ ఇంజిన్లకు టర్బో లేదు, 300 హార్స్‌పవర్ 260 చుట్టుపక్కలకు దిగుతుంది. బారన్ ఒంటి ఇంజిన్ సర్వీస్ సీలింగ్ 7,284 అడుగులు, అక్కడ మిగిలేది నిమిషానికి 50 అడుగులు. సముద్రమట్టపు 390కి, ఈ 50కి మధ్య గీత గీస్తే 5,500 దగ్గర 130 అటూఇటూ వస్తుంది.

నిమిషానికి 130 అడుగులంటే ఏమిటో ఎక్స్‌-ప్లేన్‌లో ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. 101 నాట్ల దగ్గర నేల నుంచి 500 అడుగులు ఎక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ లోపల పన్నెండు కిలోమీటర్లు ముందుకు పోతారు. శంషాబాద్ ఊరి నుంచి కొత్తూరు వైపు పోయే దారిని తలచుకోండి. ఆ పన్నెండు కిలోమీటర్లలో సెల్ టవర్లు, హై టెన్షన్ లైన్లు, గుట్టలు ఎన్ని ఉంటాయో ఆ దారిన పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఇది గేర్ పైకి ఉండి, ప్రొపెల్లర్ ఫెదర్ అయి, వేగం ఒక్క నాటు కూడా తప్పకుండా ఉంటే వచ్చే అంకె. గేర్ కిందే ఉంటే, లేదా ఆగిన ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ ఉంటే, ఆ రెండింటిలో ఏ ఒక్కటైనా చాలు, 130 హరించుకుపోయి కిందికి దిగడం మొదలవుతుంది. పుస్తకంలో చదివితే బుర్రకెక్కని ఈ సంగతి స్క్రీన్ మీద వర్టికల్ స్పీడ్ ముల్లు సున్నా దాటి పైకి రాకుండా మొరాయిస్తుంటే వెంటనే ఎక్కుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బు ఇక్కడే గిట్టుబాటవుతుంది.

అలా కనిపించాలంటే సెట్టింగులు సరిగ్గా ఉండాలి. విమానం ఎంచుకున్నాక బరువు, ఇంధనం, సమతూకం మార్చే స్క్రీన్ ఉంటుంది. ఖాళీ విమానంతో, పావు ట్యాంకుతో సాధన చేస్తే బారన్ ఒంటి ఇంజిన్ మీద కూడా హుషారుగా ఎక్కుతుంది, తప్పుడు ధైర్యం వస్తుంది. సరకు, ఇంధనం కలిపి 5,500 పౌండ్ల గీత దాకా నింపండి. తరువాత వాతావరణాన్ని చేతితో పెట్టుకునే చోట ఉష్ణోగ్రత పెంచండి. పెంచాం కదా అని వదిలేయకుండా కాక్‌పిట్‌లో బయటి ఉష్ణోగ్రత చూపే సాధనంలో 40 కనిపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. డేటా అవుట్‌పుట్ స్క్రీన్‌లో వేగం, ఎక్కే వేగం, ఇంజిన్ శక్తి టిక్ పెట్టుకుంటే అంకెలు స్క్రీన్ మూలన వస్తూనే ఉంటాయి. సాధన చేసేటప్పుడు అవి ఆపేయండి, రీప్లేలో చూడండి. నిజం విమానంలో ఆ మూల అంకెలు ఉండవు.

ఇంజిన్ పాడుచేసే స్క్రీన్ ఎక్స్‌-ప్లేన్‌కు పెద్ద బలం. ప్రతి భాగానికీ విడిగా ఎప్పుడు పాడవాలో చెప్పొచ్చు: ఫలానా వేగం దగ్గర, నేల నుంచి ఫలానా ఎత్తు దగ్గర, ఫలానా సమయానికి, మీట నొక్కినప్పుడు, లేదా ఎప్పుడో తెలియకుండా. మొదట్లో ఎత్తు పెట్టుకోవడం మంచిది: ఎడమ ఇంజిన్, 200 అడుగులు. బారన్‌లో రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకు తిరుగుతాయి కాబట్టి ఎడమది క్రిటికల్ ఇంజిన్, అది పోతే ముక్కు ఎక్కువగా లాగుతుంది. చీఫ్‌టెన్‌లో రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి, అక్కడ ఈ తేడా లేదు. ఇంజిన్ నిలిచిపోయే వైఫల్యం ఎంచుకోండి, పట్టేసి బిగుసుకుపోయేది కాదు. బిగుసుకుపోతే ప్రొపెల్లర్ గాలికి తిరగదు, ఫెదర్ పాఠమే పోతుంది.

అలవాటయ్యాక మీకు మీరే పెట్టుకోవడం మానేయాలి. 200 అడుగుల దగ్గర ఎడమది పోతుందని తెలిసినవాడి కుడి కాలు 150 దగ్గరే సిద్ధమైపోతుంది. ఇంట్లో తమ్ముడికో చెల్లికో స్క్రీన్ చూపించి ఏ వైపు, ఎంత ఎత్తు అన్నది వాళ్లనే పెట్టమనండి. ఐదుసార్లలో రెండుసార్లు ఏమీ పాడుచేయవద్దని కూడా చెప్పండి. ఏమీ కాని టేకాఫ్‌లో అనవసరంగా రడ్డర్ తొక్కడం కూడా తప్పే, అదీ బయటపడుతుంది.

ఇప్పుడు అసలు వరస. ఇంజిన్ పోగానే మొదటి పని లీవర్లది కాదు, ముక్కుది. రెండు ఇంజిన్లతో ఎక్కుతున్నప్పుడు ముక్కు పైకి ఉంటుంది, అదే కోణంలో ఒక ఇంజిన్ మీద పట్టుకుంటే వేగం కళ్ల ముందే కరిగిపోతుంది. వెంటనే ముక్కు దించి బ్లూ లైన్ (ఒక ఇంజిన్ మీద బాగా ఎక్కే వేగం, గేజ్ మీద నీలం గీత) పట్టుకోవాలి, బారన్‌లో అది 100 నాట్ల చుట్టుపక్కల. అదే క్షణంలో కాలితో దిశ నిలపాలి. జోడెద్దుల బండికి ఒక ఎద్దు కూలబడితే బండి ఆ ఎద్దు వైపే తిరిగినట్టు విమానం ఆగిన ఇంజిన్ వైపు తిరుగుతుంది, ఎదుటి కాలితో తొక్కి ఆపాలి. ఆ తరువాత మిక్చర్లు (గాలిలో పెట్రోలు పాళ్లు మార్చే లీవర్లు), ప్రాప్‌లు (ప్రొపెల్లర్ లీవర్లు), థ్రాటిళ్లు (శక్తి లీవర్లు) అన్నీ ముందుకు. ఇక్కడ మన ఎండకు ఒక మెలిక ఉంది. 5,500 అడుగుల డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో టర్బో లేని ఇంజిన్‌కు మిక్చర్ పూర్తిగా తోస్తే పెట్రోలు ఎక్కువై ఉన్న శక్తీ తగ్గుతుంది. టేకాఫ్‌కు ముందు ఎక్కడ సరిచేసి పెట్టుకున్నారో అక్కడికే తోయాలి. ఎక్స్‌-ప్లేన్ దీన్ని చూపిస్తుంది, పక్కన అంకెలు పెట్టుకొని మిక్చర్ అటూఇటూ కదిపి చూడండి.

తరువాత గేర్ పైకి, ఫ్లాప్స్ పైకి. బారన్ మామూలుగా ఫ్లాప్స్ లేకుండానే లేస్తుంది కాబట్టి రెండోది చూపుతోనే అయిపోతుంది. ఆ పైన ఏ ఇంజిన్ పోయిందో తేల్చుకోవాలి. పైలట్లు డెడ్ ఫుట్, డెడ్ ఇంజిన్ అంటారు: ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజిన్ పోయినట్టు. ఇంజిన్ గేజ్‌లు చూసి తేల్చుకోవద్దు. గాలికి తిరిగే ప్రొపెల్లర్ గవర్నర్ (దాని వేగాన్ని నిలిపే పరికరం) పుణ్యమా అని ఆర్‌పీఎం ముల్లును దాదాపు మామూలుగానే నిలబెడుతుంది. ఆగిన ఇంజిన్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి) బయటి గాలి ఒత్తిడి దగ్గర నిలిచి, అదీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు ముళ్లూ బాగానే ఉండి విమానం మాత్రం పక్కకు లాగుతుంటే కాలినే నమ్మాలి.

తేల్చుకున్నాక నిర్ధారణ. పోయిందనుకున్న వైపు థ్రాటిల్‌ను మెల్లగా వెనక్కు లాగండి. శబ్దం మారలేదు, కాలి మీద ఒత్తిడి మారలేదు అంటే సరైన ఇంజిన్ పట్టుకున్నారు. మారిందంటే చేయి వెనక్కి. ఈ ఒక్క మెట్టు ఎగరగొట్టినందుకు ఎంత మూల్యమో 2015 ఫిబ్రవరిలో తైపీలో ట్రాన్స్‌ఏషియా 235 చూపించింది. ఏటీఆర్ 72లో కుడి ఇంజిన్ ఫెదర్ అయితే సిబ్బంది బాగున్న ఎడమ ఇంజిన్‌ను ఆపేశారు. 43 మంది పోయారు. అది శిక్షణ పొందిన ఎయిర్‌లైన్ సిబ్బంది పని. ఒంటరి సరకు పైలట్‌కు పక్కన చూసి చెప్పేవాడు కూడా ఉండడు.

నిర్ధారణ అయ్యాక ఆ ప్రాప్ లీవర్‌ను పూర్తిగా వెనక్కు, గాడి దాటించి ఫెదర్‌లోకి. ఇందులో ఆలస్యం పనికిరాదు, కారణం యంత్రంలోనే ఉంది. జంట ఇంజిన్ల విమానాల్లో ఆయిల్ ఒత్తిడి బ్లేడ్లను సన్నటి కోణం వైపు నెడుతుంది. ఒత్తిడి పోతే బరువులు, స్ప్రింగ్ లేదా నైట్రోజన్ వాటిని ఫెదర్ వైపు లాగుతాయి. అయితే నేల మీద ఇంజిన్ ఆపిన ప్రతిసారీ ఫెదర్ అయిపోకుండా లాక్ పిన్లు పెట్టారు. ఆర్‌పీఎం బాగా పడిపోతే ఆ పిన్లు దిగుతాయి. దిగాక లీవర్ ఎంత లాగినా ప్రొపెల్లర్ ఫెదర్ కాదు. వేగం పోగొట్టుకొని, ఆర్‌పీఎం పడనిచ్చి, అప్పుడు లీవర్ లాగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంధనం సెలెక్టర్ ఆఫ్, బూస్ట్ పంపు ఆఫ్, మాగ్నెటోలు ఆఫ్, ఆల్టర్నేటర్ ఆఫ్, కౌల్ ఫ్లాప్ మూయడం, ఇవన్నీ ఎక్కడం స్థిరపడ్డాకే. కొత్తవాళ్లు 150 అడుగుల ఎత్తులో తల దించి కాక్‌పిట్ అడుగున సెలెక్టర్ వెతుకుతారు, తల ఎత్తేసరికి వేగం 85. సిమ్‌లో ఇది రీప్లేలో చక్కగా దొరికిపోతుంది.

రెడ్ లైన్, అంటే వీఎంసీ, బారన్‌లో 84 నాట్లు. అంతకన్నా తక్కువ వేగంలో రడ్డర్ మొత్తం తొక్కినా దిశ నిలవదు, విమానం ఆగిన వైపు బోర్లా పడుతుంది. ఆ 84 పరీక్షలో తేలిన సంఖ్య. ఆ పరీక్షలో బాగున్న ఇంజిన్ వైపు 5 డిగ్రీల దాకా వాలుగా ఉంటారు. రెక్కలు సమానంగా పెడితే ఒక్కో డిగ్రీకి మూడు నాట్లకు పైగా వీఎంసీ పెరగొచ్చు. వాలు పెట్టడం మరిచినవాడికి 84 అన్నది 95 దాటినా ఆశ్చర్యం లేదు. అలాగని ఎప్పుడూ 5 డిగ్రీలు కూడా వద్దు. ఎక్కడానికి బాగా పనికొచ్చేది 2, 3 డిగ్రీల వాలు, బాల్ (విమానం పక్కకు జారడం చూపే గేజ్‌లోని గుండు) సగం దాకా బాగున్న ఇంజిన్ వైపు జరిగి ఉండటం. బాల్ నడిమికి తెచ్చి మురిసిపోయేవాళ్లు ఎక్కువ. అలా పెడితే విమానం పక్కవాటుగా జారుతూ ఈడ్పు పెంచుకుంటుంది, 130లో మిగిలేదేమీ ఉండదు. డెవలపర్ మెనూలో ఫ్లైట్ మోడల్ చూపించే ఆప్షన్ పెడితే రెక్కల మీద, తోక మీద బలాల గీతలు కనిపిస్తాయి. బాల్ నడిమిలో, బాల్ సగం బయట, రెండు స్థితుల్లో ఆ గీతలు ఎలా మారుతున్నాయో ఒక్కసారి చూడండి. ఇలాంటి పాఠం బోర్డు మీద చెప్పడం కష్టం.

సరకు పైలట్లకు మాత్రమే వచ్చే తంటా ఒకటుంది. తోక వైపు బరువు ఎక్కువైతే రడ్డర్‌కు, సమతూక బిందువుకు మధ్య దూరం తగ్గుతుంది, రడ్డర్ బలం తగ్గుతుంది, వీఎంసీ పెరుగుతుంది. వల సరిగ్గా కట్టక టేకాఫ్‌లో పెట్టెలు వెనక్కు జారితే అన్నీ ఒకేసారి మీద పడతాయి. సమతూకం స్లైడర్‌ను అనుమతించిన వెనక గీత దాకా జరిపి అదే వైఫల్యాన్ని మళ్లీ చేయండి. తేడా కాలికి కాకపోయినా కంటికి తెలుస్తుంది. ఇంకో విషయం: టర్బో లేని ఇంజిన్‌కు ఎత్తు, ఎండ పెరిగే కొద్దీ శక్తి తగ్గి వీఎంసీ కూడా తగ్గుతుంది, కానీ స్టాల్ అయ్యే, అంటే రెక్కలు ఇక మోయలేని, వేగం గేజ్ మీద మారదు. రెండూ దగ్గరపడితే దిశ తప్పడం, స్టాల్ ఒకేసారి వస్తాయి. అదే స్పిన్‌కు, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడానికి, దారి. మన ఎండలో వీఎంసీ తక్కువ కదా అని ఊరట పడొద్దు.

ఎక్కడ సాధన చేయాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. ఇల్లు దగ్గర అని శంషాబాద్ పెట్టుకుంటారు. అక్కడ పొడుగు రన్‌వే 4,260 మీటర్లు, దాదాపు 14,000 అడుగులు. బారన్ 300 అడుగులు ఎక్కేసరికి ఇంకా సగానికి పైగా రన్‌వే ముందే ఉంటుంది. అక్కడ ఇంజిన్ పోతే సరైన పని ఎక్కడం కాదు, రెండు థ్రాటిళ్లూ మూసి నేరుగా దిగడం. గేర్ ఇంకా కిందే ఉంటే మరీ నయం. ఆ పాఠం కూడా కావాలి, మొదట నాలుగైదుసార్లు అదే చేయండి. ముందు వాడుకునే రన్‌వే లేదని తేలేదాకా గేర్ ఎత్తకూడదన్న అలవాటు అక్కడే పడాలి. తరువాత రన్‌వే మీదే టాక్సీ చేసుకుంటూ, అంటే నెమ్మదిగా నడుపుకుంటూ పోయి, ముందు 3,000 అడుగులే మిగిలిన చోట నుంచి మొదలుపెట్టండి. అప్పుడు 200 అడుగుల దగ్గర పోతే రన్‌వే ఉండదు, ఎక్కాలా, ఎదురుగా చేలల్లో దిగాలా అన్నది నిజంగా తేల్చుకోవాలి. 5,500 పౌండ్లతో, 42 డిగ్రీల్లో, వర్టికల్ స్పీడ్ సున్నా దగ్గర ఊగుతుంటే సమాధానం చాలాసార్లు దిగడమే. రెక్కలు సమానంగా, అదుపులో ఉండగా చేలో దిగినవాడు బతికే అవకాశం ఎక్కువ. 80 నాట్ల దగ్గర బోర్లా పడినవాడికి ఆ అవకాశం లేదు. లేవకముందు, అంటే 85 లోపు ఏది జరిగినా చర్చ లేదు: రెండు థ్రాటిళ్లూ మూసి బ్రేకులు.

టేకాఫ్ ముందు స్థితిని సేవ్ చేసుకుంటే మళ్లీమళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. అరగంటలో పది వైఫల్యాలు చేయొచ్చు. నిజం విమానంలో ఇంత ఎక్కడ కుదురుతుంది?

సామాను విషయానికొస్తే ముందు కొనాల్సింది రడ్డర్ పెడళ్లు, యోక్ కాదు. కర్ర మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో ఈ సాధన చేస్తే కాలికి రావలసిన అలవాటు చేతి మణికట్టుకు వస్తుంది, డెడ్ ఫుట్ అన్న మాటకే అర్థం లేకుండా పోతుంది. పెడళ్లు లేకపోతే లేనంత కాలం ఈ పాఠం జోలికి పోకపోవడమే మేలు. జాయ్‌స్టిక్ సెట్టింగుల్లో స్టెబిలిటీ సాయం స్లైడర్లన్నీ సున్నాకు లాగండి. అవి ఉంటే సాఫ్ట్‌వేర్ మీ బదులు రడ్డర్ సర్దుతుంది.

మన ఇళ్లలో తాండూరు బండలో, పాలిష్ షాబాద్ బండలో పరిచి ఉంటాయి. ఆ నున్నటి నేల మీద పెడళ్లు గట్టిగా తొక్కగానే ముందుకు జారిపోతాయి. కింద రబ్బరు మ్యాట్ వేసినా చాలదు. మూడడుగుల ప్లైవుడ్ ముక్కకు పెడళ్లను స్క్రూలతో బిగించి, ఆ చెక్క వెనక భాగం మీద కుర్చీ ముందు కాళ్లు పెట్టండి. మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. చక్రాలున్న ఆఫీసు కుర్చీ పనికిరాదు, తొక్కిన ప్రతిసారీ మీరే వెనక్కు పోతారు.

లీవర్లు ఆరు కావాలి: థ్రాటిల్ రెండు, ప్రాప్ రెండు, మిక్చర్ రెండు. మూడు లీవర్ల క్వాడ్రంట్లు రెండు పక్కపక్కన పెట్టుకుంటే సరిపోతుంది. హనీకోంబ్ బ్రావోలో ఆరూ ఒకే పెట్టెలో ఉంటాయి, గేర్ లీవర్, ఫ్లాప్ లీవర్, ట్రిమ్ చక్రం కూడా ఉన్నాయి. బాగుంది కానీ ఈ పాఠానికి తప్పనిసరి కాదు. రెండు లీవర్లతో సరిపెట్టి మిగతావి మౌస్‌తో లాగుతామంటే మాత్రం వద్దు. తప్పు లీవర్ పట్టుకోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం, మౌస్ ఆ ప్రమాదాన్నే మాయం చేస్తుంది. ఒక హెచ్చరిక: 1984కు ముందు తయారైన బారన్లలో ప్రాప్ లీవర్లు ఎడమ పక్కన, థ్రాటిళ్లు నడుమ ఉంటాయి. గేర్, ఫ్లాప్ స్విచ్‌లు కూడా అటుదిటు. మీరు శిక్షణకు పోయే చోట పాత బీచ్‌క్రాఫ్ట్ ఉంటే ముందే కనుక్కొని, లీవర్లను ఆ వరసలోనే కట్టుకోండి. సామాను వెతకడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ ఒకసారి తిరిగి రావచ్చు, ఆన్‌లైన్‌లో ధరలు వారం వారం మారుతుంటాయి. పాతవి కొంటే లీవర్లను మెల్లగా జరుపుతూ స్క్రీన్ మీద అంకె ఎగిరెగిరి పడుతోందో లేదో చూడండి. దుమ్ము పట్టిన పొటెన్షియోమీటర్‌కు అదే గుర్తు.

కంప్యూటర్ గురించి ఒక్క మాటే కానీ ముఖ్యమైన మాట. ఫ్రేములు సెకనుకు 20 కన్నా కిందికి పడితే ఎక్స్‌-ప్లేన్ లోపలి కాలాన్నే నెమ్మది చేస్తుంది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ మీకు ఆలోచించుకోడానికి దొరికే సెకన్లు పెరుగుతాయి. పాత లాప్‌టాప్‌లో ఇంజిన్ పోయినా తాపీగా సర్దేశామని మురిసిపోయినవాళ్లు ఫ్రేము రేటు ఒకసారి చూసుకోవాలి. మేఘాలు, చెట్లు, నీడలు అన్నీ తగ్గించి 30 పైన నిలపండి. ఈ సాధనకు అందం అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇబ్బంది ఉండదు.

ఇక ఇది నేర్పనివి. వీఎంసీ నిబంధనలో రడ్డర్ మీద పెట్టే బలం 150 పౌండ్ల దాకా అనుమతిస్తారు, అంటే 68 కిలోలు. ఇంటి పెడల్ స్ప్రింగ్ బొటనవేలికే లొంగుతుంది. నిజం విమానం మొదటిసారి తొక్కినప్పుడు తొడ వణుకుతుంది, ఆ తయారీ ఇక్కడ దొరకదు. సీటు కింద నుంచి తెలిసే పక్కవాటు లాగుడు కూడా ఉండదు. సగం శక్తి మాత్రమే పోయే రకం, అంటే ఇంజిన్ దగ్గుతూ కాస్త లాగుతూ ఉండే పరిస్థితి, నిర్ణయం తీసుకోడానికి అన్నింటికన్నా కష్టమైనది. దానికి వైఫల్యాల స్క్రీన్ కన్నా పక్కన కూర్చున్నవాళ్లు ఒక మిక్చర్ లీవర్‌ను మెల్లగా వెనక్కు లాగడమే బాగా కుదురుతుంది.

కారణాలు కూడా ఇందులో తెలియవు. టేకాఫ్ తరువాత ఇంజిన్ పోవడానికి మూలం చాలాసార్లు నేల మీదే ఉంటుంది. వానాకాలంలో ట్యాంకులోకి దిగిన నీళ్లు. సరిగ్గా బిగించని ఇంధనం మూత. క్రాస్ ఫీడ్‌లో (అవతలి వైపు ట్యాంకు నుంచి తీసుకునే స్థితిలో) మరిచిపోయిన సెలెక్టర్. అన్నింటికన్నా దగా చేసేది ఏవ్‌గ్యాస్ పోయాల్సిన పిస్టన్ ఇంజిన్‌కు జెట్ ఇంధనం పోయడం. పైపుల్లో మిగిలిన మంచి పెట్రోలుతో స్టార్ట్ అవుతుంది, టాక్సీ అవుతుంది, కొన్నిసార్లు రన్ అప్ (లేచే ముందు ఇంజిన్ పరీక్ష) కూడా దాటుతుంది. పూర్తి శక్తి పెట్టి లేచాక డిటొనేషన్ (సిలిండర్లలో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్లు కాలిపోతాయి. రెండు ట్యాంకుల్లోనూ అదే పోసి ఉంటారు కాబట్టి రెండు ఇంజిన్లూ ఒకదాని వెంట ఒకటి పోతాయి, అప్పుడు పైన చెప్పిన వరస ఏదీ పనికిరాదు. ఇంధనం నింపేటప్పుడు పక్కన నిలబడి, ప్రతి డ్రెయిన్ నుంచి గ్లాసులోకి తీసి రంగు, వాసన చూడటం ఏ సిమ్యులేటరూ నేర్పదు.

ఎక్స్‌-ప్లేన్‌లోనే కింగ్ ఎయిర్ సీ90 కూడా ఉంది, చాలామంది దాని మీదికి ఎగబడతారు. పీటీ6 టర్బైన్లు, వేరే ఇంజిన్ నియంత్రణ, వేరే లీవర్లు. బారన్‌లో వరస చేతికి రాకముందు అది మొదలుపెడితే రెండూ కలగాపులగం అవుతాయి. చీఫ్‌టెన్, 402 నమూనాలు డబ్బుకు బయట దొరుకుతాయి. కొంటే ముందు ఒక పరీక్ష పెట్టండి: పూర్తి బరువు, 15 డిగ్రీలు, సముద్రమట్టం, ఒక ఇంజిన్ ఫెదర్, బ్లూ లైన్ వేగం. చీఫ్‌టెన్‌కు 106 నాట్లు, నిమిషానికి 230 అడుగులు. 402సీకి 104 నాట్లు, 301 అడుగులు. ఆ దరిదాపుల్లో రాకుండా 600 అడుగులు ఎక్కే నమూనా అయితే కాక్‌పిట్ ఎంత అందంగా ఉన్నా డబ్బు వాపసు అడగండి.